చోడి (రాగి) అంబలి నీళ్లలా అయిపోతోంది, పులుపు ఎక్కడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గాజువాక అబ్బాయి (శనివారం, రాత్రి 9:50)

అందరికీ నమస్కారం. మేం ఉండేది గాజువాకలో. సొంతూరు శృంగవరపుకోట దగ్గర పల్లెటూరు. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఉగాది వెళ్లాక నాన్నని మా దగ్గరికి తీసుకొచ్చేశాం. ఆయనకి డెబ్బై మూడేళ్లు. పొద్దున్న ఇడ్లీ పెట్టినా ఉప్మా పెట్టినా రెండు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టేస్తున్నారు. గట్టిగా అడిగితే, "పొద్దుటే ఈ వేడివేడివి నాకు పడవురా, కాస్త అంబలి కాసి పెట్టు చాలు" అన్నారు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయన పొద్దుటి తిండి అదే. పొలానికి వెళ్లే ముందు ఒక చెంబు, పదిన్నరకి గట్టు మీద కూర్చుని ఇంకో చెంబు.

మా ఆవిడ నర్సు. వారంలో మూడు నాలుగు రాత్రులు డ్యూటీ ఉంటుంది కాబట్టి పొద్దుటి వంట నాది. అమ్మ అంబలి కాస్తుంటే చిన్నప్పటి నుంచీ చూశాను. కానీ ఎంత పిండి, ఎన్ని నీళ్లు అని ఏనాడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు, ఆవిడకి కొలతతో పనే ఉండేది కాదు.

మూడు వారాల్లో ఆరుసార్లు చేశాను. ఎలా చేశానో అలాగే రాస్తాను, తప్పు ఎక్కడుందో చెప్పండి.

రాత్రి తొమ్మిదింటికి ఒక గ్లాసు రాగిపిండిలో మూడు గ్లాసుల నీళ్లు పోసి, స్టీలు గిన్నెలో ఉండలు లేకుండా కలిపి మూత పెడతాను. పొద్దున ఐదున్నరకి ఐదు గ్లాసుల నీళ్లు మరిగించి, ఈ పిండినీళ్లు అందులో పోసి కలుపుతాను. మొదట చక్కగా చిక్కబడుతుంది. హమ్మయ్య అనుకునేలోగా, పది నిమిషాల్లో మళ్లీ పలచబడిపోతుంది. అమ్మ కాసినది చల్లారేకొద్దీ గట్టిపడేది, మజ్జిగ పోసి చేత్తో పిసికితే గాని గ్లాసులోకి దిగేది కాదు. నాది చల్లారినా నీళ్లలా జారిపోతోంది. నీళ్లు ఐదు నుంచి నాలుగుకి, తర్వాత మూడుకి తగ్గించాను. అయినా అంతే.

పులుపు అసలు రావడం లేదు. పైగా కొంచెం తియ్యగా ఉంటోంది, నేను బెల్లం వెయ్యలేదు. నాన్న ఒక గుక్క తాగి, "ఏట్రా ఇది? జావలాగుంది. అంబలి కాదు" అన్నారు. కోపంగా అనలేదు. కానీ గ్లాసు సగం దగ్గరే ఆగిపోయింది. పులుపు కోసం ఒకసారి రెండు రాత్రులు నానబెట్టాను. పైన గులాబీ రంగు మచ్చలు వచ్చాయి, వాసన బాగాలేదు, పారబోశాను.

ఇంకో సంగతి కూడా అడిగేస్తాను. ఆదివారం పనసపొట్టు తెచ్చి ఆవ పెట్టిన కూర చేశాను. అది కూడా అమ్మ చేసేదే. చేదు వచ్చింది, ఆవ ఘాటు లేదు. నూరిన ఆవముద్ద పోపులో వేసి బాగా వేయించాను. ఆవాలు పాతవా, నేను చేసిన పద్ధతి తప్పా?

మధురవాడలో సీమవాళ్లం (శనివారం, రాత్రి 10:25)

అన్నా, మాది అనంతపురం వైపు. ఉద్యోగం కోసం వచ్చి వైజాగ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాం. మేం సంగటి వాళ్లం, అంబలి వాళ్లం కాదు. అయినా పిండి చిక్కదనం గురించి నాకు తెలిసింది చెబుతాను. ఉత్త పిండితో చేస్తే ఏదైనా జారుతుంది. అడుగున మెత్తగా ఉడికిన బియ్యం ఉండాలి. మేం సంగటికి ముందు బియ్యం చిదిమితే చిదిగేలా ఉడకబెట్టి, దాని మీద పిండి కుప్పగా పోసి, మధ్యలో గుంట చేసి, మూత పెట్టి సన్న సెగ మీద మగ్గనిస్తాం. ఆ తర్వాతే కట్టె పెట్టి కలుపుతాం. మీ అంబలిలో నూకలు వేసినట్టు రాయలేదు. వేసి చూడండి. పిండి కూడా గ్లాసుకి బదులు గ్లాసున్నర వేయండి.

పెందుర్తి పెద్దమ్మ (ఆదివారం, ఉదయం 6:15)

బాబూ, నూకలు లేకపోవడం ఒక లోటే. కానీ చిక్కబడింది కాస్తా మళ్లీ పలచబడడం నూకల వల్ల కాదు. తియ్యగా ఉందన్నావు చూడు, అక్కడే నాకు అనుమానం వచ్చింది. నువ్వు కొన్న పిండి ప్యాకెట్టు మీద ఏం రాసి ఉందో ఒకసారి చదివి చెప్పు. ఉత్త రాగిపిండా, మొలకలు కట్టి ఆడించినదా?

గాజువాక అబ్బాయి (ఆదివారం, ఉదయం 7:40)

పెద్దమ్మగారూ, ఇప్పుడే చూశాను. "మొలకెత్తిన రాగుల పిండి" అని ఉంది. మొలకలు కట్టినదైతే బలం ఎక్కువ కదా అని కావాలనే అది కొన్నాను. కొంచెం వేయించిన వాసన కూడా వస్తోంది.

పెందుర్తి పెద్దమ్మ (ఆదివారం, ఉదయం 8:05)

అదే బాబూ. అది పసిపిల్లలకి జావ కాయడానికి మంచి పిండి. దాంతో అంబలి కుదరదు. మీ నాన్నగారు జావ అన్నది అక్షరాలా నిజం. మా మనవడికి ఏడో నెలలో నేనూ అలాంటిదే చేసి పెట్టాను. చోళ్ళు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక రాగానే నీడన ఆరబెట్టి, దోరగా వేయించి ఆడించేదాన్ని. రెండు చెంచాలు వేసినా జారుగానే ఉండేది, బిడ్డ గొంతులో సాఫీగా దిగేది. ఎందుకలా అవుతుందో నాకు తెలియదు. పద్ధతి మాత్రం పూజ అవ్వగానే వివరంగా రాస్తాను.

సీతమ్మధార నుంచి (ఆదివారం, ఉదయం 10:30)

పెద్దమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. నేను ఫుడ్ టెక్నాలజీ చదివాను కాబట్టి కారణం నేను చెబుతాను.

గింజ మొలకెత్తేటప్పుడు తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుని మొలకకి ఆహారంగా పెడుతుంది. ఆ మార్చే పని చేసేది అమైలేజ్ అనే ఎంజైమ్. గింజని ఎండబెట్టి దోరగా వేయించినా అది పూర్తిగా పోదు, పిండిలో నిద్రపోతూ ఉంటుంది. తడీ వేడీ తగిలితే లేస్తుంది. 60 నుంచి 70 డిగ్రీల మధ్య చాలా చురుగ్గా పనిచేస్తుంది, బాగా మరిగితే చచ్చిపోతుంది.

ఇప్పుడు మీరు చేసిన పని చూడండి. మరిగే నీళ్లు ఐదు గ్లాసులు, అందులో గది వేడిమీదున్న పిండినీళ్లు మూడు గ్లాసులు. రెండూ కలిసిన క్షణంలో గిన్నె వేడి 70 డిగ్రీల చుట్టుపక్కలకి దిగుతుంది. ఆ వేడికి పిండి ఉబ్బి చిక్కబడుతుంది, అది మీరు మొదట చూసింది. అదే వేడికి అమైలేజ్ ఆ చిక్కదనాన్ని ముక్కలు చేస్తుంది, అది పది నిమిషాల తర్వాత చూసింది. విరిగిన పిండిలో కొంత మాల్టోజ్ అనే చక్కెర అవుతుంది, మీకు తెలిసిన తీపి అదే. నీళ్లు ఎంత తగ్గించినా లాభం లేకపోవడానికి కారణం ఇది. మామూలు పిండిలో ఈ మొలకల పిండి ఒకటి రెండు చెంచాలు కలిసినా గిన్నెడు అంబలి పలచబడుతుంది. అందుకని మిగిలిన ప్యాకెట్టు అయిపోగొట్టాలని కొత్త పిండిలో కలపకండి.

పులుపు సంగతి వేరు. పులుపు తెచ్చేది గింజ పొట్టు మీద సహజంగా ఉండే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా. వేయిస్తే అవి చాలావరకు చనిపోతాయి. మీ పిండి వేయించినది. అలాంటి పిండిని తడిపి రెండు రాత్రులు వదిలేస్తే, పులియబెట్టే మంచి సూక్ష్మజీవులు లేని ఖాళీలో వేరేవి చేరాయి. గులాబీ, నారింజ, నల్ల మచ్చలు, బూజు కనిపిస్తే పైపొర తీసేసి వాడుకోవడం కుదరదు, మొత్తం పారబోయాలి. మీరు సరిగ్గానే చేశారు.

కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన వస్తుంటే కాచి చల్లార్చి వాడండి. పులిసేదాకా ఉప్పు వేయకండి, ఉప్పు పులియడాన్ని ఆలస్యం చేస్తుంది. పులియబెట్టడానికి అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు వద్దు.

పెందుర్తి పెద్దమ్మ (ఆదివారం, మధ్యాహ్నం 12:20)

ఇదిగో బాబూ, నాకు తెలిసినంతా రాస్తున్నాను. కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదువు.

ముందు పిండి మార్చు. ప్యాకెట్టు వద్దు, గింజలు కొను. పూర్ణా మార్కెట్లో దొరుకుతాయి, రైతుబజారులో దొరుకుతాయి. పాడేరు, అరకు వైపు కొండ చోళ్ళు దొరికితే ఇంకా మంచిది. రెండు కిలోలు చాలు. గింజగా చోళ్ళు ఏళ్లతరబడి నిలవుంటాయి గానీ, పిండి అలా కాదు. మనది సముద్రపు గాలి, నెల దాటితే పిండికి ముక్కవాసన పట్టేస్తుంది. కడిగి గాలించు, వీటిలో మట్టిబెడ్డలు చోడిగింజ రంగులోనే ఉండి కంటికి ఆనవు. నీళ్లలో గాలిస్తేనే అడుగున మిగిలి కనిపిస్తాయి. ఒక పూట ఎండలో ఆరబోసి పిండిమరకి తీసుకెళ్లు. మిరపకాయలు ఆడించిన వెంటనే మాత్రం ఆడించుకోకు. మరీ మెత్తగా వద్దు, వేలితో రాస్తే కొంచెం గరుకు తగలాలి. వేయించవద్దు.

మా అత్తగారిది చోడవరం దగ్గర. ఆవిడ అంబలికి రెండు కుండలు పెట్టేవారు. ఒకటి పిండి పులియడానికి, ఒకటి కాచింది పోసుకోవడానికి. పిండి కుండని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేసేవారు కాదు. అడుగున గుప్పెడు పాత పులుపు ఉంచి, దానిమీదే కొత్త పిండి, నీళ్లు పోసేవారు. అందుకే ఆ ఇంట్లో ఏ రోజూ పులుపు తప్పలేదు. నీకు మొదటిసారి ఆ పాత పులుపు ఉండదు కాబట్టి రెండు చెంచాల పుల్ల మజ్జిగ వెయ్యి. రెండోసారి నుంచి నీ కుండలోదే నీకు సరిపోతుంది.

కొలత: ఒక గ్లాసు చోడిపిండి, రెండు గ్లాసుల నీళ్లు. సాయంత్రం ఆరింటికి కలిపి పెట్టు. ఈ చైత్రమాసపు ఉక్కకి పొద్దుటికి పన్నెండు గంటల్లో పులిసిపోతుంది. పైన చిన్నచిన్న బుడగలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి పిండి వాసన. అంతే, పులిసినట్టే. సంక్రాంతి రోజుల్లో అయితే ఇంకో పూట పడుతుంది, పొయ్యి పక్కన పెట్టుకోవాలి. మూత బిగించకు, పలచటి గుడ్డ కట్టు.

కాచేటప్పుడు ముందు అర గ్లాసు బియ్యపు నూకలు కడిగి ఐదు గ్లాసుల నీళ్లలో ఉడికించు. నూక పువ్వులా విచ్చుకోవాలి. అప్పుడు సెగ తగ్గించి, పులిసిన పిండిని అడుగు నుంచి బాగా కలిపి, ఒక చేత్తో సన్నధారగా పోస్తూ ఇంకో చేత్తో తెడ్డు తిప్పుతూ ఉండు. ధార తెగకూడదు, తెడ్డు ఆగకూడదు. ఇలా పోస్తే ఉండ కట్టదు. పదిహేను నిమిషాలు సన్న సెగ మీద ఉడకాలి. చాలామంది చిక్కబడగానే దించేస్తారు, అది పచ్చి. రంగు ముదిరి, పైన నిగనిగ రావాలి, బుడగలు "బుడుక్ బుడుక్"మని లేవాలి. వేలు తడిచేసుకుని పైన ముట్టుకుంటే పిండి అంటుకోకూడదు. అప్పుడు అయినట్టు.

ఇప్పుడు అసలు మాట. పొద్దున కాచి పొద్దునే తాగితే దానికి అంబలి రుచి సగమే వస్తుంది. మా ఇంట్లో పొద్దున పులిసిన పిండిని సాయంత్రం కాచి, మట్టికుండలో పోసి, మర్నాటి పొద్దున తాగేవాళ్లం. కాచాక కూడా రాత్రంతా కుండలో కొంచెం పులుస్తుంది, చల్లబడుతుంది. మీ నాన్నగారు "వేడివేడివి పడవు" అన్నారంటే ఆయన నాలుకకి గుర్తున్నది ఆ చల్లటి అంబలే. పొద్దున ఆ ముద్దలో పలచటి మజ్జిగ, ఉప్పు వేసి చేత్తోనే కలుపు. గరిటెతో కలిపితే ఉండలు తెలియవు, చేతికి తెలుస్తాయి. కొత్త కుండ కొంటే ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఒకసారి గంజి కాచి పారబోసి, తర్వాత వాడు.

పక్కన ఏం పెడుతున్నావో రాయలేదు. పచ్చి ఉల్లిపాయ కత్తితో కోసి పెట్టకు, అరచేత్తో గుద్ది పెట్టు. వేయించిన చల్లమిరపకాయ ఒకటి, ఈ రోజుల్లో పుల్ల మామిడికాయ ముక్క ఉప్పు కారం అద్ది. పాత మాగాయ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఆరిలోవ అమ్మాయి (ఆదివారం, మధ్యాహ్నం 3:10)

పనసపొట్టు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. అన్నయ్యా, మీ ఆవాలు పాతవి అయ్యుండకపోవచ్చు. ఆవముద్దని వేయించడమే పొరపాటు. ఆవఘాటు గింజలో తయారుగా ఉండదు. గింజ నలిగి నీళ్లు తగిలాకే పుడుతుంది. వేడి తగిలితే ఎగిరిపోతుంది, చేదు మాత్రం మిగిలిపోతుంది. అందుకే ఆవ పెట్టడం అంటే పొయ్యి మీద చేసే పని కాదు.

పొట్టులో ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీళ్లు వార్చి, చేత్తో గట్టిగా పిండేయండి. నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు వేసి, చిక్కటి చింతపండు పులుసు పోసి దగ్గరపడ్డాక పొట్టు వేయండి. తడి ఆరిపోయాక దించేయండి. అరకిలో పొట్టుకి ఒకటిన్నర చెంచా ఆవాలు, రెండు ఎండుమిర్చి, కొంచెం ఉప్పు కలిపి, చల్లటి నీళ్లు చిలకరిస్తూ రోట్లో నూరండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, జార్ వేడెక్కకూడదు. నూరిన ముద్ద పది నిమిషాలు పక్కన పెడితే ఘాటు లేస్తుంది, చేదు తగ్గుతుంది. కూర గోరువెచ్చగా అయ్యాక ఆ ముద్ద, పైన ఒక చెంచా పచ్చి నువ్వులనూనె వేసి చేత్తో కలపండి. పొద్దున చేసిన కూర సాయంత్రానికి ఇంకా బాగుంటుంది. మా అమ్మమ్మ పనసపొట్టు రోజున మధ్యాహ్నం సగమే వడ్డించి మిగతాది దాచేసేది.

పొట్టు కొనేటప్పుడు లోపల గింజ ఇంకా గట్టిపడని లేత కాయనే మీ ఎదుట కొట్టించుకోండి. ఎప్పుడో కొట్టి గోనె మీద పోసింది నల్లబడి ఉంటుంది.

గాజువాక అబ్బాయి (తర్వాతి శనివారం, రాత్రి 8:45)

వారం తర్వాత రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. అందరూ చెప్పినవి చేసి చూశాకే రాద్దామనుకున్నాను.

సోమవారం డ్యూటీ అవ్వగానే పూర్ణా మార్కెట్‌కి వెళ్లి రెండు కిలోల చోళ్ళు తెచ్చాను. గాలిస్తుంటే నాన్న వచ్చి కూర్చున్నారు. నేను చేటలో పోయబోతుంటే, "అలా కాదురా" అని గిన్నె తీసుకుని ఆయనే గాలించారు. దాదాపు గుప్పెడు బెడ్డలు వచ్చాయి. మంగళవారం పిండిమర. ఆ సాయంత్రం ఆరింటికి రెండు చెంచాల పుల్ల మజ్జిగతో పిండి కలిపి, గుడ్డ కట్టి వంటింటి గట్టు మీద పెట్టాను. పొద్దున ఆరింటికి బుడగలు వచ్చాయి, వాసన కూడా పెద్దమ్మగారు రాసినట్టే ఉంది. డ్యూటీకి వెళ్లేలోగా కాచే వ్యవధి లేక ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం వచ్చి కాచాను. గుప్పెడు పులుపు కుండలో ఉంచాను.

నూకలతో కాస్తే మొదటి పది నిమిషాలు భయంగానే ఉంది, మళ్లీ పలచబడుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. పలచబడలేదు. తడి వేలు పెట్టి చూసి దించాను. గురువారం పొద్దున కుండలోంచి తీస్తే ముద్దగా వచ్చింది. మజ్జిగ పోసి చేత్తో పిసికాను. గుద్దిన ఉల్లిపాయ, మామిడి ముక్క పెట్టాను.

నాన్న గ్లాసు పట్టుకుని కాసేపు ఏమీ అనలేదు. మొత్తం తాగేశారు. తర్వాత, "పులుపు చాల్లేదు. మీ అమ్మ ఇంకో పూట ఉంచేది. నూక కూడా ఎక్కువైంది, మూడోవంతు చాలు" అన్నారు. మూడు వారాల్లో తిండి గురించి ఆయన అన్ని మాటలు మాట్లాడడం అదే మొదటిసారి. శుక్రవారం, ఇవాళ కూడా తాగారు. ఇవాళ రెండో గ్లాసు అడిగారు.

సీతమ్మధార వారూ, మీ లెక్క చదివాక మొలకల పిండిని మా పక్కింటివాళ్ల పాపకి ఇచ్చేశాను. వాళ్లకి అది సరిగ్గా కావలసినదే. ఆరిలోవ చెల్లెమ్మా, పనసపొట్టు రేపు ఆదివారం. ఆవాలు కొత్తవి తెచ్చాను, రోలు నాన్న కడిగి పెట్టారు.

ఒక్కటి మిగిలింది, పెద్దమ్మగారూ. కుండలో ఉంచిన పాత పులుపుతో ఇవాళ కలిపిన పిండి ఎనిమిది గంటల్లోనే పొంగింది. మే నెలలో ఇంకా వేగంగా పులుస్తుంది కదా, అప్పుడు పాత పులుపు గుప్పెడు కాకుండా ఒక చెంచాకి తగ్గించాలా, లేకపోతే పిండి రాత్రి పడుకునే ముందు కలిపితే సరిపోతుందా?

పెందుర్తి పెద్దమ్మ (తర్వాతి శనివారం, రాత్రి 9:30)

రెండూ చెయ్యి బాబూ. ఎండలు ముదిరాక ఒక చెంచా పులుపు చాలు, పిండి రాత్రి పదింటికి కలుపు. కుండని తడి ఇసుక మీద గాని, నీళ్లు పోసిన పళ్లెంలో గాని నిలబెట్టు, చల్లగా ఉంటుంది. వారానికోసారి కుండ ఖాళీ చేసి, కడిగి, ఎండలో బోర్లించు. ఆ రోజుకి పులుపు వేరే గిన్నెలో దాచుకో. నాన్నగారు నూక మూడోవంతు అన్నారు కదా, ఆయన మాటే విను. ఆ ఇంటి కొలత ఆయనకే తెలుసు.